తాడుకి ఇటువైపు

గురువారం పొద్దున లాయ్ ఆ ఇంటికి వెళ్ళేసరికి ముసలావిడ ముందుగదిలో ఎర్ర కాగితం ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ముహూర్తాలు పెట్టే ఆయన రాసిచ్చిన కాగితం అది. ఆదివారం పెళ్ళికూతురు పుట్టింటి నుంచి ఎన్నింటికి బయలుదేరాలి, ఇక్కడ ఎన్నింటికి గడప దాటాలి, గదిలోకి ఎన్నింటికి వెళ్ళాలి, అన్నీ నల్లసిరాతో నిలువు వరసల్లో ఉన్నాయి. ఆవిడ వేలు చివరి వరస మీద ఆగింది.

"ముందు ఇది చెప్పు నాయనా. నువ్వు పుట్టింది ఏ జంతువు సంవత్సరం?"

లాయ్ సంచీ ఇంకా భుజం మీంచి దించలేదు. "కుందేలు," అన్నాడు.

ఇరవై రెండేళ్ళుగా తైనాన్ చుట్టుపక్కల పెళ్ళి వీడియోలు తీస్తున్నాడు. ఈ మాటకి ఎక్కడా తడుముకోలేదు. పేరు అడిగినా ఇంత తొందరగా చెప్పడు.

"కుందేలైతే యాభై నిండాయన్నమాట. మంచిది." ఆవిడ వేలు కాగితం మీద రెండుసార్లు తట్టింది. "పులి ఏ పెళ్ళికీ పనికిరాదు, యాభై ఒకటి నిండిన పులి అసలే పనికిరాదని రాశాడు. పెళ్ళికూతురు గదిలోకి వెళ్ళేటప్పుడు చూడకూడదు, ఆ గదిలో అడుగు పెట్టకూడదు. మా తోడికోడలి మనవడి పెళ్ళిలో ఫోటోలు తీసినవాడు పులి అని తర్వాత తెలిసింది. ఆ పిల్లకి రెండుసార్లు కడుపు పోయింది."

"అయ్యో," అన్నాడు లాయ్.

"నల్లచొక్కా వేసుకు రాకు."

"సరే."

పెళ్ళికొడుకు చిహెంగ్ పక్కనే నిలబడి ఉన్నాడు. ముసలావిడ మనవడు. పొడుగ్గా ఉంటాడు కాని నానమ్మ ముందు భుజాలు దగ్గరికి లాక్కుంటాడు. చేపల చెరువుల మీంచి డ్రోన్ ఎగరేయాలన్నాడు. పెళ్ళికూతురు ఫోన్లో మాట్లాడింది. అంతా సహజంగా ఉండాలి, ఎవరినీ నిలబెట్టి నవ్వమనకూడదు, కాని తన ఎడమ బుగ్గ మాత్రం పడకూడదు అంది. లాయ్ ఇద్దరికీ సరే అన్నాడు.

వంటింట్లోంచి ఒకావిడ గంజి గిన్నె తెచ్చింది. అందులో పాలబొంత చేప ముక్కలు, పైన సన్నగా తరిగిన అల్లం. ఆవిడ కాళ్ళకి రబ్బరు బూట్లు, చేతులకి చిన్న చిన్న గాట్లు.

"మా మేనత్త," అన్నాడు చిహెంగ్. "శ్యుతావ్. నాన్న పోయి, అమ్మ వెళ్ళిపోయాక నన్ను పెంచింది ఈవిడే. మీరు బాగా తియ్యాల్సింది..."

"ఆదివారం అది వీడియోలో పడకూడదు," అంది ముసలావిడ. "అదీ పులే. భోజనాలకి బయలుదేరేదాకా వెనక షెడ్డులో ఉంటుంది. నా కూతురైనా సరే."

"నానమ్మా, పెళ్ళికూతురు పెద్దవాళ్ళకి టీ ఇచ్చేటప్పుడైనా..."

"కాగితం చదువుకో."

చిహెంగ్ కాగితం వైపు చూడలేదు. మేనత్త వైపూ చూడలేదు. గోడ మీద కేలండరు వైపు చూశాడు. శ్యుతావ్ గిన్నె లాయ్ ముందు పెట్టింది. పెడుతూ అతని ఎడమ కనుబొమ వైపు చూసింది. అవసరమైన దానికంటే ఎక్కువసేపే చూసింది.

చెరువు గట్టు మీద డ్రోన్‌కి జాగా వెతుకుతుంటే వెనక నుంచి రబ్బరు బూట్ల చప్పుడు వినిపించింది.

"గాటు ఇంకా అలాగే ఉందే."

లాయ్ వెనక్కి తిరిగాడు.

"మూడో తరగతి. తాడు లాగుడు. తాడు తెగలేదు, నువ్వే జారి రాయి మీద పడ్డావు. చొక్కా అంతా రక్తం."

"మీరు ఎవరినో అనుకుని..."

"మీరట! తాడు చివర నడుముకి కట్టుకుని నిలబడేదాన్ని నేను. మన వైపు లావుగా ఉన్నది నేనొక్కదాన్నే. నా ముందు నువ్వు. నాలుగో తరగతిలో టౌనుకి వెళ్ళిపోయావు." ఆవిడ చేతిలో బకెట్టు కింద పెట్టింది. "మాస్టారు క్లాసుని రెండుగా చీల్చేవాడు గుర్తుందా? చైనా కొత్త సంవత్సరానికి ముందు పుట్టినవాళ్ళు పులులు, తర్వాత పుట్టినవాళ్ళు కుందేళ్ళు. పులులం తక్కువ. ఎప్పుడూ మనమే ఓడిపోయేవాళ్ళం." కాసేపు చెరువులోకి చూసింది. "ఇప్పుడు కుందేలు అయ్యావన్నమాట."

లాయ్ డ్రోన్ పెట్టె మూత వేశాడు. "శ్యుతావ్, ఇది నా బతుకుదెరువు."

"నేనేమైనా అన్నానా?"

"చెప్పవు కదా?"

"ఎవరికి? మా అమ్మకా? నేను పులినని ఆవిడకి యాభై ఏళ్ళుగా తెలుసు. నాకేం ఒరిగింది?" శ్యుతావ్ నవ్వింది. "పెళ్ళి కారు మీద వెదురుకి పచ్చి పంది మాంసం ముక్క కడతారు, చూశావా? తెల్లపులి దయ్యం దాన్ని తిని పెళ్ళికూతురి జోలికి పోకుండా ఉండాలని. మనకి పెట్టేది అదొక్కటే. అదీ ఉడకబెట్టరు."

బకెట్టు తీసుకుని షెడ్డు వైపు వెళ్ళిపోయింది. లాయ్ డ్రోన్ ఎగరేయకుండానే కారెక్కాడు.

శుక్రవారం అంతా లాయ్ తైనాన్ టౌనులో తన గదిలో కూర్చుని పోయిన నెల పెళ్ళి వీడియో సరిచేశాడు. ఆ పెళ్ళికూతురు పదహారు మార్పులు పంపింది. పన్నెండోది: నాన్న పక్కన నిలబడ్డావిడని తీసేయండి, అమ్మ చూస్తే బాధపడుతుంది. ఆవిడ ఆ నాన్న రెండో భార్య. వెనక బల్ల దగ్గరి నుంచి రావద్దంటే, ఒక్క నిమిషం వచ్చి నిలబడింది. లాయ్ బొమ్మ చట్రాన్ని లోపలికి జరిపాడు. ఆవిడ పోయింది గాని చెయ్యి మిగిలింది, నాన్న మోచేతి మీద. ఆ చేతిని ఒక్కొక్క వేలూ చెరిపేసరికి మధ్యాహ్నం అన్నం చల్లారిపోయింది. ఉంగరం వేలు దగ్గర విసుగెత్తి మౌసు బల్ల మీద కొట్టాడు. తర్వాత మళ్ళీ పట్టుకున్నాడు. ఎవరో ఒకరు చెరపాలి. తను కాకపోతే ఇంకొకడు చెరుపుతాడు.

శనివారం దీపాలు బిగించడానికి మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళాడు. పెళ్ళికూతురి గదిలో మంచం ముహూర్తానికి శుక్రవారమే వేసేశారు. గది తలుపుకి ఎర్రగుడ్డ వేలాడుతోంది. శ్యుతావ్ బయట కిటికీ దగ్గర నిలబడి ఉంది, గోడకి జానెడు దూరంలో.

"మంచం వెయ్యకముందు అంతా నేనే సర్దాను," అంది లోపలికి చూపిస్తూ. "దుప్పట్లు కుట్టింది నేనే. గోడ మీద ఎర్రకాగితాలు కత్తిరించింది నేనే. వారం పట్టింది. ఇప్పుడు చూడు, అద్దం మీద అంటించిన కాగితం ఒక మూల లేచింది."

"మీ అమ్మకి చెప్పనా?"

"చెబితే నేను కిటికీలోంచి చూశానని గొడవ. నువ్వు వెళ్ళి బొటనవేలితో గట్టిగా నొక్కు. చాలు."

లాయ్ లోపలికి వెళ్ళాడు. గదిలో కొత్త చెక్క వాసన, పిండి జిగురు వాసన. అద్దం దగ్గరికి వెళ్ళి కాగితం మూల నొక్కిపట్టాడు. కిటికీ అవతల శ్యుతావ్ చేత్తో సైగ చేస్తోంది, ఇంకా, ఇంకా, కొంచెం పైకి. ఆవిడకీ అతనికీ పుట్టినరోజులు రెండు వారాల తేడా. మాస్టారు రిజిస్టర్లో పేర్లు పక్కపక్కనే ఉండేవి. లాయ్ బొటనవేలికి ఎర్రరంగు అంటింది.

బయటికి వచ్చాక ప్యాంటుకి తుడుచుకున్నాడు. పోలేదు.

"శ్యుతావ్," అన్నాడు. "రేపు టీ నీకు ఇవ్వరా?"

ఆవిడ వంగింది. రబ్బరు బూటు లోపల వేళ్ళు పెట్టి ప్లాస్టిక్ సంచీలో చుట్టిన ఎర్ర కవరు బయటికి తీసింది. అది చూపించి మళ్ళీ లోపల పెట్టుకుంది.

"చిహెంగ్‌కి నాలుగేళ్ళప్పుడు తాగినవాడిలా తూలుతూ టీ గ్లాసు పట్టుకొచ్చేవాడు. సగం నేల మీదే. అత్తా తాగు, అత్తా తాగు, అనేవాడు. పెళ్ళికూతురితో కలిసి ఒక్కసారి పట్టుకొస్తే చూద్దామని. అంతే. టీ తాగాక ఖాళీ కప్పులో డబ్బు కవరు చుట్టి పెడతారు కదా, ఆ కవరు సిద్ధంగానే ఉంది. ఎందుకైనా మంచిదని."

ఆదివారం లాయ్ ముదురు ఎరుపు చొక్కా వేసుకున్నాడు. పొద్దున్నే పెళ్ళికూతురు పెయ్‌చున్ ఇంట్లో పని మొదలైంది. ఆమెకి ముస్తాబు చేసే మిన్‌రు ముందే వచ్చి కూర్చుంది. లాయ్‌కి దొరికే పెళ్ళిళ్ళలో సగం మిన్‌రు చెబితే వచ్చేవే.

"ఎడమ బుగ్గ, అన్నా, ఎడమ బుగ్గ," అంది మిన్‌రు.

"పడదులే."

పెళ్ళికూతురు తల్లిదండ్రుల కాళ్ళ ముందు మోకరిల్లే వేళకి ఆమె మేనమామ కెమెరాకి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. తండ్రి ఏడ్చాడు. భుజాలు ఎగిరేలా బిగ్గరగా ఏడ్చాడు. లాయ్‌కి మాత్రం మేనమామ వీపే దక్కింది.

"వీడియో కోసం ఇంకొక్కసారి," అన్నాడు లాయ్.

పెళ్ళికూతురు మళ్ళీ మోకరిల్లింది. తండ్రి కళ్ళు నులుముకుని చూశాడు. ఏమీ రాలేదు.

"ఒకసారి ఏడ్చేశాను కదయ్యా. మళ్ళీ ఎక్కడినుంచి తెచ్చేది?"

అందరూ నవ్వారు. "ఫరవాలేదు, వచ్చింది," అన్నాడు లాయ్. దృశ్యం కెమెరాలో పడిందని చెప్పడానికి అతను ఎప్పుడూ అనే మాట అది. మొదటి ఏడుపు గొంతు తీసి రెండో దృశ్యం మీద అతికిస్తే సరిపోతుంది. ఎవరికీ తెలియదు. ఆ తండ్రికి ఒక్కడికే తెలుస్తుంది.

కారు పైన ఆకులతో సహా పచ్చి వెదురు కట్టారు. కొన నుంచి మాంసం ముక్క వేలాడుతోంది. దారి పొడవునా ముందు వెళ్ళే వ్యాన్ వెనక తలుపు తెరిచి, లాయ్ నడుముకి బెల్టు కట్టుకుని ఆ కారుని తీశాడు. మాంసం ముక్క గాలికి ఊగుతోంది. ఎన్నోసార్లు తీశాడు ఆ ముక్కని. ఇవాళ మాత్రం చట్రంలోంచి తప్పిద్దామని చూశాడు. కెమెరా ఎటు తిప్పినా వచ్చి పడింది.

చెరువుల మధ్య ఇంటి ముందు టపాకాయలు పేలాయి. ముసలావిడ గట్టిగా కేక వేసింది. "సంవత్సరం కుదరనివాళ్ళు అటు తిరగండి!"

పక్కింటాయన అటు తిరిగాడు. కుర్చీలు సర్దుతున్న ఇద్దరు ఆడవాళ్ళు అటు తిరిగారు. పళ్ళేలు చేతిలో పట్టుకునే గోడ వైపు నిలబడ్డారు. మధ్యవర్తిగా వచ్చినావిడ పెళ్ళికూతురి తల మీద బియ్యం జల్లెడ పట్టింది. పెళ్ళికూతురు నిప్పుల కుంపటి దాటింది. పెంకు మీద కాలు వేసి చిట్లగొట్టింది. లాయ్ కెమెరాని రెండు చేతులా పట్టుకుని, ఆమె ముఖం చట్రంలో ఉంచుకుని, వెనక్కి నడిచాడు. గడప మడమకి తగిలింది. దాటాడు. ముందుగది దాటాడు. ఎర్రగుడ్డ వీపుకి తగిలింది.

పెళ్ళికూతురి కంటే ముందు గదిలోకి వెళ్ళింది అతనే. ప్రతి పెళ్ళిలోనూ అంతే. ముఖం కావాలంటే ముందుండాలి, ముందుండాలంటే వెనక్కి నడవాలి. ఇన్నేళ్ళలో ఆ సంగతి ఎప్పుడూ తట్టలేదు. ఇవాళ వీపుకి గుడ్డ తగిలినప్పుడు తట్టింది. అద్దం మీద కాగితం మూల లేవలేదు. తన బొటనవేలి ముద్ర దాని మీద కొంచెం మెరుస్తోంది.

"ఈ కాగితాలు ఎవరు కత్తిరించారు? ఎంత బాగున్నాయో," అంది పెయ్‌చున్.

"అత్త," అన్నాడు చిహెంగ్.

"ఆవిడెక్కడ? గడప దగ్గర కనపడలేదు."

"పనిలో ఉంది." ఆ మాట చిహెంగ్ తన బూట్లకి చెప్పాడు.

కెమెరా నడుస్తూనే ఉంది. ఈ ముక్క కత్తిరించాలి అనుకున్నాడు లాయ్. అలవాటు.

టీ ముందుగదిలో ఇచ్చారు. ముసలావిడ, ఆవిడ తమ్ముడు, తమ్ముడి భార్య, ఇంకో ముగ్గురు చుట్టాలు వరసగా కూర్చున్నారు. పెయ్‌చున్ పళ్ళెం పట్టుకుని ఒక్కొక్కరి ముందూ వంగింది. తియ్యటి టీ. తాగినవాళ్ళు కవరు చుట్టి కప్పులో పెట్టారు. ఆరు కప్పులు తిరిగి వచ్చాయి. పళ్ళెంలో ఏడో కప్పు ఉంది, నిండుగా. చిహెంగ్ పోయించాడేమో. ఆ కప్పు వైపు చూశాడు, నానమ్మ వైపు చూశాడు, నోరు తెరిచాడు.

"ఇంకేముంది, లేవండి," అంది ముసలావిడ. "పదకొండున్నరకి భోజనాలకి బయలుదేరాలి."

చిహెంగ్ పళ్ళెం అందుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

లాయ్‌కి చిరాకు ముంచుకొచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. ఆ పిల్లవాడి మీదో, ముసలావిడ మీదో, తన ఎర్రచొక్కా మీదో. కెమెరా కిందికి దించి తనకి తెలిసిన ఒకే ఒక్క విద్య బయటికి తీశాడు.

"అవ్వా, ఇక్కడ వెలుతురు చాల్లేదు. టీ ఇచ్చేది సరిగ్గా పడలేదు. వెనక చెరువు దగ్గర ఎండ బాగుంది. వీడియో కోసం ఒక్కసారి అక్కడ చేయించుకుంటాను."

"ఇప్పుడా?"

"ఐదు నిమిషాలు. మీరు లేవక్కర్లేదు. అక్కడ ఎవరో ఒకరు కూర్చుంటే సరిపోతుంది. షెడ్డులో మీ అమ్మాయి ఉందిగా, ఆవిడ చెయ్యి మాత్రమే పడుతుంది. ముఖం పడదు."

ముసలావిడ ఆలోచించింది. "వీడియోకే కదా? లెక్కలోకి రాదు కదా?"

"వీడియోకే."

"అయితే కానివ్వు."

చిహెంగ్ అతని వైపు చూశాడు. ఆ చూపులో ఉన్న కృతజ్ఞత లాయ్‌కి నచ్చలేదు. అయినా తన తెలివికి తనే కొంచెం సంతోషించాడు. అందరూ వంటింటి వెనక తలుపు దగ్గరికి వచ్చారు. మిన్‌రు పెళ్ళికూతురి కొంగులాంటి తెల్లగుడ్డ నేల తగలకుండా ఎత్తి పట్టుకుంది. షెడ్డు పది అడుగుల దూరంలో ఉంది. శ్యుతావ్ పీట మీద కూర్చుని రాత్రి వంటకి చేపలు బాగుచేస్తోంది. పాలబొంతకి రెండొందల పైచిలుకు ముళ్ళు. ఒక్కొక్కటీ చిన్న పట్టకారుతో లాగి డబ్బాలో వేస్తోంది.

"శ్యుతావ్, ఇలా రా," అన్నాడు లాయ్. "ఈ కుర్చీలో కూర్చో. పిల్లలు టీ ఇస్తారు. వీడియో కోసం."

శ్యుతావ్ లేచింది. చేతులు ఆప్రాన్‌కి తుడుచుకుంది. రెండడుగులు వేసింది. కుర్చీని చూసింది, కెమెరాని చూసింది, తలుపులో తల్లిని చూసింది.

"వీడియో కోసమా?"

"లెక్కలోకి రాదు, కంగారు పడకు," అంది ముసలావిడ తలుపులోంచి. "నీ ముఖం కూడా పడదట."

శ్యుతావ్ అక్కడే నిలబడిపోయింది. తర్వాత నవ్వింది. గురువారం నవ్విన నవ్వు కాదు.

"ఉత్తుత్తి టీ నాకెందుకమ్మా? నాకు పని ఉంది." లాయ్ దగ్గరికి వచ్చింది, అతనికి మాత్రమే వినపడేంత దగ్గరికి. "తాడు అటువైపు పట్టుకుని ఇటు లాగుతున్నట్టు నటించకు లాయ్. వాళ్ళు అడ్డంగా నిలబడితే నాకు కోపం లేదు. వాళ్ళకి భయం. నీకేం వచ్చింది?"

వెనక్కి వెళ్ళి పీట మీద కూర్చుంది. పట్టకారు తీసుకుంది. ముల్లు డబ్బాలో పడ్డ చప్పుడు వినిపించింది.

పెయ్‌చున్ పళ్ళెం పట్టుకుని ఎండలో నిలబడి ఉంది. ఏడో కప్పులో టీ ఊగుతోంది. "ఏమైంది?" అని చిహెంగ్‌ని అడిగింది.

లాయ్ కెమెరా మీద ఎర్రదీపం ఆర్పాడు.

"అవ్వా," అన్నాడు. "నేనూ పులినే. యాభై ఒకటి."

మొదట ఎవరికీ అర్థం కాలేదు. ముసలావిడ తమ్ముడు నవ్వాడు. "పెళ్ళిరోజున ఏం హాస్యమయ్యా!"

"హాస్యం కాదు. మీ అమ్మాయీ నేనూ ఒకే బడి, ఒకే తరగతి. నేను పులుల వైపే ఉండేవాణ్ణి. గదిలోకి అందరికంటే ముందు వెళ్ళింది నేను. పెళ్ళికూతురి కంటే ముందు. శనివారం ఒకసారి, ఇవాళ ఒకసారి."

"లాయ్ అన్నా!" అంది మిన్‌రు. ఆమె చేతిలోంచి తెల్లగుడ్డ కింద పడింది. "నేను నిన్ను ఎన్ని ఇళ్ళకి పంపాను! అందరికీ కుందేలని నేనే చెప్పాను!"

ముసలావిడ అరవలేదు. ముందు పెళ్ళికూతురి కడుపు వైపు చూసింది. తర్వాత గది ఉన్న వైపు చూసింది. తర్వాత అతని వైపు.

"ఎన్ని పెళ్ళిళ్ళు తీశావు?"

"ఆరువందల దాకా."

"అన్నింటికీ ఇదే చెప్పావా?"

"అన్నింటికీ."

"సిగ్గు లేదా?"

"ఉందవ్వా."

ముసలావిడ గోడ పట్టుకుని నిలదొక్కుకుంది. "ఆ డబ్బా ఇక్కడ పెట్టు," అంది కెమెరా చూపిస్తూ. "అందులో ఉన్నది మా పిల్లలు. అది ఇక్కడే ఉంటుంది. నువ్వు నా ఇంట్లో ఉండొద్దు. షెడ్డులో దాని దగ్గరికే పో."

లాయ్ కెమెరాని వంటింటి గట్టు మీద, కూరగాయల బుట్ట పక్కన పెట్టాడు. దాని బరువు లేకపోయేసరికి చేతులు కాసేపు అలాగే గాల్లో నిలిచిపోయాయి. తర్వాత షెడ్డులోకి నడిచాడు. వెనక తలుపు మూసుకుంది.

శ్యుతావ్ తలెత్తలేదు. బోర్లించిన ప్లాస్టిక్ తొట్టిని బూటుతో అతని వైపు నెట్టింది. లాయ్ దాని మీద కూర్చున్నాడు.

"నిన్నూ పంపేశారా?"

"పంపేశారు."

"బుద్ధి ఉన్నవాడెవడైనా అలా చెబుతాడా? సగం టౌనుకి తెలిసిపోతుంది సాయంత్రానికి."

జేబులో ఫోన్ కదిలింది. లాయ్ తీసి చూశాడు. మిన్‌రు. తలుపు అవతలి నుంచే పంపింది. వచ్చే ఆదివారానికి ఇంకొకతన్ని చూసుకుంటున్నాం. ఇంక నాకు ఫోన్ చెయ్యకు.

"ఏమిటి?"

"వచ్చే ఆదివారం పోయింది."

"ఆ తర్వాతి ఆదివారం?"

"తెలీదు."

శ్యుతావ్ ఇంకో ముల్లు లాగి డబ్బాలో వేసింది. తర్వాత పట్టకారు అతనికిచ్చి తను కత్తి తీసుకుంది. "లాగడం వచ్చా? నిలువుగా కాదు, ముల్లు పడుకున్న వైపుకే లాగాలి. లేదంటే మాంసం చీలుతుంది." లాయ్ ఒకటి లాగాడు. విరిగింది. రెండోది వచ్చింది. తలుపు వెనక గొంతులు లేచాయి. ముసలావిడది, తమ్ముడిది. మధ్యలో ఒక గొంతు గట్టిగా వినిపించింది. అది చిహెంగ్‌ది అని ఇద్దరికీ వెంటనే తెలియలేదు, అంత గట్టిగా వాడు ఎప్పుడూ మాట్లాడలేదు.

"పులి వచ్చి వెళ్ళింది కదా నానమ్మా! ఇంక దేనికి భయం? అత్త ఒక్కతే బయట ఉండాలా? నాకు జ్వరం వస్తే ఎవరి ఒళ్ళో పడుకున్నాను? అప్పుడు ఏ సంవత్సరమో అడిగావా?"

శ్యుతావ్ చేతిలో చేప జారి నీళ్ళలో పడింది. తియ్యలేదు. తలుపు వెనక పొయ్యి వెలిగించిన చప్పుడయింది. చెరువు నీళ్ళలోకి గాలి కొట్టే చక్రం తిరుగుతూనే ఉంది.

తలుపు తెరుచుకుంది. చిహెంగ్ ముందు వచ్చాడు, పెయ్‌చున్ వెనక. ఆమె తెల్లబట్టల అంచు షెడ్డు ముందరి తడిలో ఈడ్చుకొస్తోంది. ఎత్తి పట్టేవాళ్ళు లేరు, ఆమె పట్టించుకోలేదు. రెండు చేతులా పళ్ళెం. పళ్ళెంలో ఒక్క కప్పు. పొగ వస్తోంది, మళ్ళీ వేడి చేసినట్టున్నారు.

వాళ్ళ వెనక తలుపులో ముసలావిడ నిలబడి ఉంది. ఇటు కాదు. అటు తిరిగి, వంటింటి గోడకి ముఖం పెట్టి, వీపు చూపిస్తూ నిలబడి ఉంది. పొద్దున సంవత్సరం కుదరనివాళ్ళు నిలబడ్డట్టే.

"త్వరగా కానివ్వండి," అంది గోడతో. "చల్లారితే తాగకూడదు."

శ్యుతావ్ లేవబోయింది. చేతులు చూసుకుంది, పొలుసులు, రక్తం. ఆప్రాన్‌కి తుడుచుకుంది, అదీ తడిదే. "లాయ్, ఇది పట్టుకో," అని కత్తి అతని ఒళ్ళో పడేసింది.

"కూర్చో అత్తా," అన్నాడు చిహెంగ్.

పెయ్‌చున్ వంగింది. ఎడమ బుగ్గ ఎండలో ఉంది. "తాగండి అత్తా," అంది. చిహెంగ్ చేయి పళ్ళెం అంచు కింద ఉంది, ఒలకకుండా.

శ్యుతావ్ కప్పు రెండు చేతులతో తీసుకుంది. తాగింది. చివరిదాకా తాగింది. కప్పు పళ్ళెంలో పెట్టి, వంగి, బూటులోంచి ప్లాస్టిక్ సంచీ తీసి, అందులోంచి కవరు తీసి చుట్టింది. మొదటిసారి చుట్ట విడిపోయింది. మళ్ళీ చుట్టి కప్పులో నిలబెట్టింది.

"చేపల వాసన కొడుతుందేమో," అంది.

"మా ఇంట్లో అన్నీ అలాగే కొడతాయి," అన్నాడు చిహెంగ్. వాడు ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు.

పెయ్‌చున్ లాయ్ వైపు తిరిగింది. "అన్నా, ఇది తియ్యలేదే!"

లాయ్ తన చేతులు చూసుకున్నాడు. ఒక చేతిలో కత్తి, ఒక చేతిలో పట్టకారు. కెమెరా వంటింటి గట్టు మీద కూరగాయల పక్కన ఉంది. శ్యుతావ్ లేచి, నడుము మీద చేతులు పెట్టుకుని అతన్నే చూస్తోంది. మూడో తరగతిలో తాడు చివర నిలబడ్డప్పుడు ఆవిడ అలాగే నిలబడేది.

"ఏమయ్యా," అంది. "మళ్ళీ తాగమంటావా, వీడియో కోసం?"

"అక్కర్లేదు," అన్నాడు లాయ్. "వచ్చింది."